ఎంబీబీఎస్ రెండో ఏడాది: పాథాలజీ, మైక్రో, ఫార్మా, వార్డు పోస్టింగులపై తరచుగా అడిగే ప్రశ్నలు

సెకండియర్‌లో అడుగుపెట్టే ప్రతి బ్యాచ్ దాదాపు ఇవే సందేహాలతో వస్తుంది. అందుకే వాటిని ఒకచోట చేర్చి, ఏడాది నడిచే వరుసలో దశలుగా పెట్టాం. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## ఏడాది మొదలయ్యే ముందు

ఫస్టియర్‌కూ సెకండియర్‌కూ అసలు తేడా ఏమిటి?

ఫస్టియర్‌లో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. అంటే ఆరోగ్యంగా ఉన్న శరీరం. సెకండియర్‌లో పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ. శరీరం ఎలా చెడుతుంది, ఏ క్రిమి చెడగొడుతుంది, ఏ మందు ఎక్కడ పట్టుకుని ఆపుతుంది అన్నది చదువు. వీటితోపాటు వార్డు పోస్టింగులు మొదలవుతాయి. పొద్దున మూడు గంటలు పేషెంట్ల దగ్గర, మిగతా సమయం తరగతుల్లో, ల్యాబ్‌లో. మూడు సబ్జెక్టులకు మూడు వేర్వేరు పరీక్షలు ఉన్నా, మంచం మీద ఉన్న మనిషిలో అవి ఒకే కథ. ఈ ఏడాది చదువంతా ఆ మూడింటినీ కలిపి చూడటం అలవాటు చేసుకోవడమే. విడివిడిగా బట్టీ పట్టినవాళ్లు పరీక్ష గట్టెక్కుతారు కానీ, ఫైనలియర్ వార్డులో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇంగ్లిష్ పుస్తకం పేజీ చదవడానికే అరగంట పడుతోంది. ఎలా?

వైద్యంలో కష్టపెట్టేది ఇంగ్లిష్ కాదు, గ్రీకు లాటిన్ ముక్కలు. ఇంగ్లిష్ మీడియం వాళ్లకూ అవి కొత్తే. ఒక అరవై డెబ్బై ముక్కలు పట్టుబడితే మాటలు వాటంతటవే విడిపోతాయి. ‘ఐటిస్’ అంటే ఇన్‌ఫ్లమేషన్, ‘ఓమా’ అంటే గడ్డ, ‘పీనియా’ అంటే కొరత, ‘ఎమియా’ అంటే రక్తంలో ఉండటం, ‘హెపటో’ అంటే కాలేయం, ‘నెఫ్రో’ అంటే మూత్రపిండం, ‘మెగలీ’ అంటే పెరగడం. హెపటోమెగలీ, థ్రాంబోసైటోపీనియా లాంటి మాటలు చూడగానే అర్థం తెలుస్తుంది. రోజుకు ఐదు చొప్పున చిన్న నోటు పుస్తకంలో రాసుకుంటే రెండు వారాల్లో అయిపోతాయి.

మొదట విషయాన్ని తెలుగులోనే ఆలోచించి అర్థం చేసుకోండి. తర్వాత అదే విషయాన్ని నాలుగు చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో చూడకుండా రాయండి. పరీక్షలో పొడవాటి వాక్యాలు ఎవరూ అడగరు. బొమ్మ, ఫ్లోచార్ట్, సరైన పదం ఉంటే చాలు. ఇక పేషెంటు దగ్గర మాత్రం తెలుగు మీడియం వాళ్లదే పైచేయి.

ఫస్టియర్‌ది చాలా మర్చిపోయాను. అంతా తిరగేయాలా?

అక్కర్లేదు. గుండె చక్రం, నెఫ్రాన్, యాక్షన్ పొటెన్షియల్, సింపథెటిక్ పారాసింపథెటిక్ రిసెప్టర్లు, రక్తం గడ్డకట్టే వరుస, గ్లూకోజు ఇన్సులిన్ వ్యవహారం. ఈ ఆరు చాలు. ఫార్మాలో మొదటి రెండు నెలలు నడిచేది అటానమిక్ నాడీవ్యవస్థ మీదే కాబట్టి రిసెప్టర్లతో మొదలుపెట్టండి.

వార్డులోకి వెళ్లేముందు టీకాలు ఏమైనా వేయించుకోవాలా?

హెపటైటిస్ బి తప్పనిసరి అనుకోండి. మూడు డోసులు: మొదటిది ఈరోజు, రెండోది నెలకు, మూడోది ఆరు నెలలకు. చాలామంది రెండో డోసు తర్వాత మర్చిపోతారు. మూడోది వేయించుకున్న నెల నుంచి రెండు నెలల లోపు యాంటీబాడీ స్థాయి పరీక్ష చేయించండి. మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు దాటితేనే రక్షణ వచ్చినట్టు. ఆ రిపోర్టును ఫోన్‌లో దాచుకోండి, సూది గుచ్చుకున్న రోజు మొదట అడిగేది అదే.

## తరగతులు: మొదటి నెలలు

పాథాలజీ ఎంత చదివినా రెండు రోజుల్లో మర్చిపోతున్నాను. తప్పు ఎక్కడ?

కారణాలు, మార్పులు, లక్షణాలు, కాంప్లికేషన్లు అని నాలుగు జాబితాలుగా చదవడం దగ్గరే తప్పు. జబ్బును గొలుసుగా చదవాలి. ఒక లింకు నుంచి ఇంకో లింకుకు ‘కాబట్టి’ అని చెప్పగలగాలి. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో తరచూ కనిపించే మైట్రల్ స్టెనోసిస్‌తో, అంటే గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య కవాటం సన్నబడే జబ్బుతో చూడండి.

బడికెళ్లే వయసులో పిల్లకు గొంతునొప్పి వస్తుంది. కారణం గ్రూప్ ఎ స్ట్రెప్టోకోకస్. దాని ఎమ్ ప్రొటీను మీదకు శరీరం యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఆ ప్రొటీను మన గుండె కణజాలాన్ని పోలి ఉంటుంది కాబట్టి అవే యాంటీబాడీలు కవాటాన్ని దెబ్బతీస్తాయి. పదే పదే దెబ్బతిని మానడం వల్ల కవాటం రేకులు అతుక్కుని చేపనోరులా సన్నబడతాయి. మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండే ద్వారం 1.5కు చేరుతుంది. కాబట్టి ఎడమ కర్ణికలో ఒత్తిడి పెరుగుతుంది, అది ఊపిరితిత్తుల సిరల్లోకి ఎగదన్నుతుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. అప్పటిదాకా తట్టుకున్న అమ్మాయి గర్భవతి అయ్యాక రక్తం పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది కాబట్టి ఒక్కసారిగా ఆయాసంతో క్యాజువాలిటీకి వస్తుంది. స్టెతస్కోపు పెడితే మొదటి గుండె చప్పుడు గట్టిగా, తర్వాత ఓపెనింగ్ స్నాప్ (కవాటం తెరుచుకునే చప్పుడు), ఆపైన డయాస్టోల్ (గుండె సడలే దశ) మధ్యలో గరగరమనే మర్మర్ (అదనపు చప్పుడు). ఎకో (గుండె స్కాన్) తీసి ద్వారం కొలుస్తారు. స్ట్రెప్టోకోకస్ మళ్లీ రాకుండా 21 రోజులకోసారి బెంజథీన్ పెనిసిలిన్ 12 లక్షల యూనిట్లు కండరంలోకి ఇస్తారు.

ఇందులో మైక్రో ఉంది, పాథో ఉంది, ఫార్మా ఉంది, వార్డు ఉంది. వారానికి ఇలాంటి గొలుసులు రెండు రాసుకుంటే ఏడాదికి వందకు దగ్గరవుతాయి. ఒక్కో పేజీ మించనివ్వకండి.

ఫార్మాలో మందుల పేర్లు వందల కొద్దీ. అన్నీ గుర్తుపెట్టుకోవాలా?

గ్రూపుకు ఒక మందును పూర్తిగా చదవండి. అది ఎక్కడ పనిచేస్తుంది, దానివల్ల ఏం మంచి, అదే పని వేరేచోట జరిగితే ఏం చెడు, ఎవరికి ఇవ్వకూడదు. మిగతా మందులకు తేడా మాత్రమే రాసుకోండి. సైడ్ ఎఫెక్టులను మెకానిజం నుంచి రాబట్టడం నేర్చుకుంటే సగం బట్టీ పోతుంది. ప్రొప్రనలాల్ బీటా రిసెప్టర్లను మూస్తుంది. గుండెలో మూస్తే వేగం తగ్గుతుంది, అది మనకు కావలసిందే. ఊపిరితిత్తుల్లో మూస్తే ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రాణం మీదకు వస్తుంది. షుగర్ పేషెంటులో అయితే గ్లూకోజు పడిపోతున్నప్పుడు హెచ్చరించే గుండెదడను దాచేస్తుంది. మూడూ ఒకే వాక్యంలోంచి వచ్చాయి.

ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకుని క్యాన్సర్ కణాన్ని ఆపే మందుల పాఠం వచ్చినప్పుడు మాత్రం కాస్త నెమ్మదిగా చదవండి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో చేసిన పనిలోంచి అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. మెకానిజం తెలిస్తే మందు ఎలా పుడుతుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు లేదు.

మైక్రోబయాలజీ అంతా జాబితాలే. దారేమైనా ఉందా?

క్రిమి పేరుతో కాకుండా లక్షణంతో చదవండి. ‘వారం దాటిన జ్వరం’ అని రాసి దాని కింద టైఫాయిడ్, మలేరియా, స్క్రబ్ టైఫస్, టీబీ పెట్టండి. ఒక్కొక్కదానికీ ఏ రోజున ఏ నమూనా తీయాలో రాయండి. టైఫాయిడ్‌లో మొదటి వారం బ్లడ్ కల్చర్ పట్టిస్తుంది, యాంటీబాడీలను చూసే వైడాల్ పరీక్ష రెండో వారానికి గానీ పనికిరాదు. వార్డులో అడిగేదీ ఇదే.

పెద్ద పుస్తకమా, చిన్న గైడా?

పాథాలజీకి పెద్ద పుస్తకం. మిగతా రెండింటికీ మీ సీనియర్లు వాడే ఒక్క మధ్యస్థ పుస్తకం చాలు. రెండు పుస్తకాలు సగం సగం చదవడం కంటే ఒకటి రెండుసార్లు చదవడం మేలు.

## ల్యాబ్‌లో

గ్రామ్ స్టెయిన్ చేస్తే అన్నీ పింకే కనిపిస్తున్నాయి. ఎందుకు?

గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా ఊదాగా, గ్రామ్ నెగెటివ్ పింకుగా రావాలి. పది స్లైడుల్లో తొమ్మిదింటికి కారణం డీకలరైజర్ (రంగు పోగొట్టే ద్రవం) ఎక్కువసేపు ఉంచడం. వరుస ఇది: స్మియర్ (స్లైడు మీద పలచగా పరిచిన నమూనా) ఆరాక మంటపై రెండు మూడుసార్లు దాటించి ఫిక్స్ చేయాలి, క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, నీళ్లతో కడిగి అయోడిన్ ఒక నిమిషం, ఎసిటోన్ అయితే రెండు మూడు సెకన్లు, వెంటనే కడగాలి, చివరగా శాఫ్రనిన్ అర నిమిషం నుంచి నిమిషం. ఎసిటోన్ పోసి పక్కవాళ్లతో ఒక మాట మాట్లాడేలోపు గ్రామ్ పాజిటివ్ కూడా రంగు వదిలేస్తుంది. అయోడిన్ మర్చిపోయినా ఇదే ఫలితం, ఎందుకంటే వయొలెట్‌ను కణం లోపల పెద్ద ముద్దగా కట్టి నిలిపేది అయోడినే. పాతబడిన కల్చర్‌లో, యాంటీబయాటిక్ తిన్న పేషెంటు నమూనాలో గోడ బలహీనమై గ్రామ్ పాజిటివ్‌లు పింకుగా కనిపించవచ్చు.

అన్నీ ఊదాగా ఉంటే స్మియర్ మందంగా వేశారు. స్మియర్ వెనక అచ్చు కాగితం పెడితే అక్షరాలు కనిపించాలి, అదే మందం. నమ్మకం కోసం స్లైడు ఒక చివర స్టెఫైలోకోకస్, ఇంకో చివర ఈ కోలై పెట్టి చేయండి. రెండూ వాటి వాటి రంగుల్లో వస్తేనే మధ్యలో ఉన్నదాని రంగును నమ్మాలి.

టీబీ బ్యాక్టీరియాను చూపే జీల్-నీల్సన్ స్టెయిన్‌లో వేడి చేయడం ఎంతవరకు? ఫలితం ఎలా రాయాలి?

కార్బల్ ఫుక్సిన్ పోసిన స్లైడు కింద నుంచి ఆవిరి లేచేదాకా వేడిచేసి, ఐదు నిమిషాలు అలాగే ఉంచండి. మరగకూడదు, ఎండకూడదు. ఎండితే రంగు స్ఫటికాలు కట్టి బాసిల్లైలా (కడ్డీ ఆకారపు బ్యాక్టీరియాలా) కనిపిస్తాయి. తర్వాత ఆమ్లంతో రంగు పోగొట్టి, మిథిలీన్ బ్లూ. మైకోలిక్ యాసిడ్ ఉన్న గోడ మాత్రమే ఎరుపు వదలదు.

ఆయిల్ ఇమ్మర్షన్‌లో 100 ఫీల్డులు చూశాకే నెగెటివ్ అని రాయాలి. వంద ఫీల్డుల్లో 1 నుంచి 9 బాసిల్లై కనిపిస్తే స్కాంటీ అని, ఎన్నో ఆ అంకె రాయాలి. 10 నుంచి 99 అయితే 1 ప్లస్. ఫీల్డుకు 1 నుంచి 10 అయితే 2 ప్లస్, 10 దాటితే 3 ప్లస్. ఆయిల్ చుక్క వేసే గాజు కడ్డీని స్లైడుకు తాకించకండి. ఒకరి బాసిల్లై ఇంకొకరి రిపోర్టులోకి వెళ్లే దారి అదే.

రక్తం స్మియర్‌లో మలేరియా ఉందని రాస్తే సార్ ప్లేట్‌లెట్ అన్నారు. తేడా ఎలా తెలుసుకోవాలి?

ఎర్రకణం మీద కూర్చున్న ప్లేట్‌లెట్ చుట్టూ సన్నని తెల్లని వలయం ఉంటుంది. ఫైన్ ఫోకస్ తిప్పితే అది ఎర్రకణం కంటే వేరే ఎత్తులో స్పష్టమవుతుంది. పరాన్నజీవి ఎర్రకణంతోపాటే ఫోకస్‌లోకి వస్తుంది, దానికి నీలి ఉంగరం, ఎర్రని చుక్క రెండూ ఉంటాయి. వైవాక్స్ సోకిన కణం పెద్దదవుతుంది. ఫాల్సిపారంలో కణం సైజు మారదు, ఒకే కణంలో రెండు మూడు ఉంగరాలు ఉంటాయి.

స్మియర్ సరిగా లేకపోయినా పొరపాటు జరుగుతుంది. రక్తం స్మియర్‌కు వేసే లీష్మన్ రంగును నీళ్లు కలపకుండా రెండు నిమిషాలు ఉంచాలి, అందులోని మిథనాల్ కణాలను ఫిక్స్ చేసేది అప్పుడే. తర్వాత రెట్టింపు బఫర్ నీళ్లు కలిపి 7 నుంచి 10 నిమిషాలు. పీహెచ్ 6.8 ఉండాలి. కుళాయి నీళ్లు వాడితే స్లైడంతా నీలిగా వస్తుంది. వానాకాలంలో మిథనాల్ గాలిలోని తేమ పీల్చుకుంటే ఎర్రకణాల్లో మెరిసే గుంటలు పడతాయి, వాటిని ఉంగరాలనుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. దోమలో మలేరియా పరాన్నజీవిని 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ చూసింది మన సికింద్రాబాద్‌లోనే. అదీ మామూలు మైక్రోస్కోపుతో, ఓపికతో.

హిస్టోపాథాలజీ స్లైడు చూడగానే బుర్ర పనిచేయదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

40 ఎక్స్‌తో మొదలుపెట్టకండి. మొదట కంటితో స్లైడును వెలుతురుకు పట్టి చూడండి, తర్వాత 4 ఎక్స్‌లో ఇది ఏ అవయవం అని అడగండి. అవయవం తెలిస్తే పరీక్షలో వచ్చే జబ్బులు నాలుగైదే. టీబీ లింఫ్ నోడ్ అయితే నీలి చుక్కల మధ్య పాలిపోయిన గులాబీ మడుగులా కేసియస్ నెక్రోసిస్ (జున్నులా చచ్చిన కణజాలం) 4 ఎక్స్‌లోనే దొరుకుతుంది. దాని అంచున 10 ఎక్స్‌లో పొడవాటి ఎపిథీలియాయిడ్ కణాలు, 40 ఎక్స్‌లో గుర్రపు నాడాలా కేంద్రకాలు అంచుకు పేర్చుకున్న లాంగ్‌హాన్స్ జెయింట్ సెల్. కేంద్రకాలు కణమంతా చెల్లాచెదురుగా ఉంటే అది ఫారిన్ బాడీ రకం. ఈ వరుసలోనే రాస్తే ఎగ్జామినర్‌కు మీరు నిజంగా చూశారని తెలుస్తుంది.

## వార్డులో

మొదటిరోజు ఏం తీసుకెళ్లాలి?

శుభ్రమైన ఏప్రాన్, స్టెతస్కోపు, టార్చ్, కొలత టేపు, మోకాలి సుత్తి, దూది, సెకన్ల ముల్లున్న వాచీ, చిన్న నోటు పుస్తకం. అంతే.

పేషెంటు చెప్పేది అర్థమవుతుంది కానీ దాన్ని మెడికల్ భాషలోకి మార్చలేకపోతున్నాను.

వెంటనే మార్చకండి. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. పేషెంటు మాటను ఇంకో తెలుగు ప్రశ్నతో విప్పి, అది తేలాకే ఇంగ్లిష్ పదం రాయాలి.

‘కళ్లు తిరుగుతున్నాయి’ అంటే ఒకరికి గది గిర్రున తిరగడం, ఇంకొకరికి లేవగానే కళ్లముందు చీకటి కమ్మడం. మొదటిది చెవి లేదా మెదడు వైపు, రెండోది బీపీ, గుండె వైపు తీసుకెళ్తుంది. ‘గది తిరిగినట్టా అమ్మా, చీకట్లు కమ్మినట్టా?’ అని అడగండి.

‘తిమ్మిరి’ అంటే స్పర్శ తెలియకపోవడం కావచ్చు, బలం లేకపోవడం కావచ్చు. ‘నడుస్తుంటే చెప్పు జారిపోతోందా? జారినట్టు తెలుస్తోందా?’ అని అడగండి. తెలిసీ జారుతుంటే పాదంలో బలం తగ్గింది. జారిన సంగతే తెలియకపోతే స్పర్శ పోయింది. చేతికి ‘అన్నం కలిపి ముద్ద చేసుకోగలుగుతున్నారా?’ అంటే వేళ్ల బలం, ‘తల దువ్వుకోగలుగుతున్నారా?’ అంటే భుజం బలం తెలుస్తాయి. కింద కూర్చుని లేవలేకపోతున్నారంటే తుంటి కండరాలు.

‘గ్యాస్’ అన్న మాట దగ్గర మరీ జాగ్రత్త. కడుపు పైభాగంలో మంటనూ గ్యాసే అంటారు, గుండెపోటునూ గ్యాసే అంటారు. నడిస్తే పెరుగుతుందా, చెమటలు పట్టాయా, దవడకో ఎడమచేతికో పాకిందా అని అడగకుండా ఆ మాటను నోట్‌లో ఎక్కించకండి. యాభై దాటిన మనిషి, షుగర్ ఉన్న మనిషి గ్యాస్ అంటే ముందు ఈసీజీ.

కామెర్లతో వచ్చినవాళ్లను పసరు మందు తాగారా అని, కీళ్లనొప్పులవాళ్లను ఊళ్లో నొప్పి మాత్రలు, ఇంజక్షన్లు ఎన్నాళ్లు వాడారని తప్పక అడగండి. అడిగే తీరులో తప్పుపట్టే ధ్వని వస్తే నిజం చెప్పరు.

మందు, బీడీ ఎంత తాగుతారో లెక్క ఎలా రాయాలి?

‘అప్పుడప్పుడు’ అని రాస్తే లెక్క కాదు. విస్కీ, బ్రాందీ మన దగ్గర 42.8 శాతం ఆల్కహాల్. క్వార్టర్ అంటే 180 మి.లీ. అందులో ఆల్కహాల్ 77 మి.లీ., దాన్ని 0.79తో గుణిస్తే దాదాపు 60 గ్రాములు. 650 మి.లీ. బీరు సీసా 5 శాతంది అయితే 25 గ్రాములు దాటుతుంది, 8 శాతం స్ట్రాంగ్ అయితే 41 గ్రాములు. ‘రోజూ క్వార్టర్, పన్నెండేళ్లుగా’ అన్న మాటను ‘రోజుకు 60 గ్రాములు, 12 ఏళ్లు’ అని రాస్తే కాలేయం గురించి మీ వాదనకు బలం వస్తుంది.

బీడీలకు స్మోకింగ్ ఇండెక్స్: రోజుకు ఎన్ని, ఎన్నేళ్లు, రెండూ గుణించాలి. రోజుకు 20 చొప్పున 25 ఏళ్లు అంటే 500. మూడు వందలు దాటితే హెవీ స్మోకర్.

కల్లు తాగడం మానేశాక ఫిట్స్ వచ్చాయంటున్నారు. కల్లుకూ ఫిట్స్‌కూ సంబంధం ఏమిటి?

తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రజోలం, డయజిపాం లాంటివి కలిపి అమ్మిన కేసులు పదేపదే బయటపడ్డాయి. ఇవి మెదడు చురుకును అణిచే గాబా అనే రసాయనం పనిని పెంచుతాయి. రోజూ పడితే మెదడు దానికి అలవాటుపడుతుంది. ఒక్కసారిగా ఆగితే అణచివేత తొలగి వణుకు, నిద్రలేమి, గందరగోళం, ఫిట్స్ వస్తాయి. కాబట్టి హిస్టరీలో కల్లును ‘తేలికపాటి మద్యం’ అని వదిలేయకుండా, రోజుకు ఎన్ని సీసాలు, ఆఖరిసారి ఎప్పుడు అన్నవి గంటలతో సహా రాయండి.

నేను చూసిన బీపీ ప్రతిసారీ పీజీ డాక్టరు చూసినదానికంటే వేరేగా వస్తోంది.

పేషెంటు ఐదు నిమిషాలు కూర్చున్నాక, చేయి గుండె ఎత్తులో పెట్టి చూడండి. లావు చేతికి చిన్న కఫ్ కడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది. ముందు నాడి పట్టుకుని, అది మాయమైన చోటు గుర్తుపెట్టుకుని, అక్కడి నుంచి 30 పైకి ఎక్కించాలి. సెకనుకు 2 మి.మీ. చొప్పున దించాలి. తొందరగా దించితే సిస్టోలిక్ తక్కువగా, డయాస్టోలిక్ ఎక్కువగా వినిపిస్తాయి. చివరి అంకెలు ఎప్పుడూ సున్నాలే వస్తున్నాయంటే మీరు వినడం లేదు, ఊహిస్తున్నారు.

పురుగుమందు తాగినవాళ్లకు ఎట్రోపిన్ అంత ఎక్కువ ఎందుకిస్తారు? విద్యార్థి చూడాల్సింది ఏమిటి?

ఆర్గనోఫాస్ఫేట్ పురుగుమందులు, ఎసిటైల్‌కోలిన్ అనే నాడీ రసాయనాన్ని విరగ్గొట్టే ఎసిటైల్‌కోలిన్ఎస్టరేజ్ ఎంజైమును బంధిస్తాయి. ఎసిటైల్‌కోలిన్ విరగక పేరుకుంటుంది. చొంగ, చెమట, విరేచనం, సన్నబడిన కంటిపాపలు, నెమ్మదించిన గుండె అన్నీ దాని పనే. ప్రాణం తీసేది మాత్రం ఊపిరితిత్తుల్లో ఊరే నీరు. ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకుని ఆ నీటిని ఆపేది ఎట్రోపిన్, అంత పేరుకున్నదాన్ని గెలవాలంటే ఎక్కువే కావాలి. మన దగ్గర ఎట్రోపిన్ ఆంపుల్‌లో 0.6 మి.గ్రా. ఉంటుంది. మొదటి డోసే 1.8 నుంచి 3 మి.గ్రా., అంటే మూడు నుంచి ఐదు ఆంపుల్స్. ఐదు నిమిషాలకోసారి చూస్తూ, చాలకపోతే రెట్టింపు చేస్తూ పోతారు. ఆపే గుర్తు ఛాతీలో గరగర పోవడం, నాడి 80 దాటడం, సిస్టోలిక్ 80 దాటడం, చంకలు పొడిబారడం. కంటిపాప పెద్దదయ్యిందా అన్న ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఎక్కువైతే జ్వరం, పలవరింత, పేగుల చప్పుడు ఆగిపోవడం కనిపిస్తాయి.

ఎట్రోపిన్ కండరాల బలహీనతను తగ్గించదు. మొదటిరోజు కోలుకుని కబుర్లు చెబుతున్న మనిషికి 24 నుంచి 96 గంటల మధ్య శ్వాస కండరాలు చచ్చుబడవచ్చు, దాన్ని ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అంటారు. ముందుగా బలహీనపడేది మెడ. వార్డుకు వెళ్లిన ప్రతిసారీ ‘దిండు మీంచి తల ఎత్తు అన్నా’ అని అడగండి. ఎత్తలేకపోతే ఆ క్షణమే డ్యూటీ డాక్టరుకు చెప్పండి. విద్యార్థి ప్రాణం కాపాడగల సందర్భాల్లో ఇది ఒకటి.

పాముకాటుకు గాజు ట్యూబులో రక్తం ఎందుకు పెడతారు?

రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అప్పుడే తీసిన రక్తం 2 మి.లీ. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు ట్యూబులో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తారు. నీళ్లలా జారితే విషం ఎక్కినట్టే, యాంటీవెనమ్ మొదలుపెడతారు. ప్లాస్టిక్ ట్యూబు వాడినా, సబ్బుతో కడిగిన గాజు వాడినా మామూలు రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు, ఎందుకంటే గడ్డకట్టే ప్రక్రియను మొదలుపెట్టేది గాజు ఉపరితలమే. మధ్యలో ఊపి చూడటం ఇంకో సాధారణ తప్పు. కట్లపాము, నాగుపాము కాట్లలో ఈ పరీక్ష మామూలుగానే ఉంటుంది. అక్కడ రెప్పలు వాలడం, మింగలేకపోవడం చూడాలి.

సూది గుచ్చుకుంది. ఎవరికీ చెప్పాలనిపించడం లేదు. ఏం చేయాలి?

వెంటనే సబ్బు, పారే నీళ్లతో కడగండి. పిండకండి, నోట్లో పెట్టుకోకండి, బ్లీచింగ్, స్పిరిట్ పోయకండి. అప్పుడే డ్యూటీ డాక్టరుకు చెప్పండి, ఇది మీ తప్పు కాదు, దాచడానికి ఏమీ లేదు. హెచ్‌ఐవీ రక్షణ మందు వీలైతే రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. పేషెంటు రక్తం, మీ రక్తం పరీక్షకు వెళ్తాయి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టేటప్పుడే ఎక్కువగా గుచ్చుకుంటుంది. మూత పెట్టకుండా నేరుగా తెల్లని గట్టి డబ్బాలో వేయండి.

## పరీక్షల ముందు

హాజరు ఎంత ఉండాలి? తప్పితే ఏమవుతుంది?

థియరీలో 75 శాతం, ప్రాక్టికల్, క్లినికల్‌లో 80 శాతం. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఉన్నా, వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయం కింద ఉన్నా జాతీయ వైద్య కమిషన్ నిబంధన ఒకటే. చాలామంది చిక్కుకునేది థియరీలో కాదు, వార్డు పోస్టింగుల్లో. లాగ్‌బుక్‌లో సంతకం అదేరోజు పెట్టించుకోండి. ఒక సబ్జెక్టు పోతే సప్లిమెంటరీ ఉంటుంది. మొత్తం కోర్సు చేరిన రోజు నుంచి తొమ్మిదేళ్లలో అయిపోవాలి.

వైవాలో కేసు చెప్పేటప్పుడు మధ్యలోనే ఆపేస్తున్నారు. ఎందుకు?

ఫిర్యాదు చెప్పాల్సిన చోట జబ్బు పేరు చెబుతున్నారు కాబట్టి. ‘సీవోపీడీతో వచ్చారు’ అని ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు పేరు చెప్పకూడదు. ‘మూడేళ్లుగా దగ్గు, ఆరు నెలలుగా ఆయాసం, నాలుగు రోజులుగా కాళ్లవాపు’ అని పాతదాని నుంచి కొత్తదాని వరకు కాలక్రమంలో చెప్పాలి. ఆ వరుస వింటేనే ఎగ్జామినర్‌కు ఊపిరితిత్తుల జబ్బు గుండె కుడివైపును పట్టిందని తెలుస్తుంది. లేని లక్షణాల్లో ముఖ్యమైనవి మాత్రమే చెప్పండి, ముప్పై ‘లేవు’లు చదవకండి.

ప్రిస్క్రిప్షన్ రాయడంలో మార్కులు ఎక్కడ పోతాయి?

తేదీ, వయసు, బరువు, సంతకం మర్చిపోవడం దగ్గర కొన్ని. అసలు ప్రమాదం డోసు దగ్గర. జనరిక్ పేరు పెద్దక్షరాల్లో రాయండి. ఇంగ్లిష్‌లో అర మి.గ్రా. రాసేటప్పుడు చుక్క ముందు సున్నా తప్పక ఉండాలి, లేకపోతే అది ఐదు అవుతుంది. యూనిట్లకు U అన్న ఒక్క అక్షరం పెడితే సున్నాలా కనిపించి ఇన్సులిన్ పదింతలు పడుతుంది.

పిల్లల పారాసిటమాల్‌ను ఒకసారి చేతితో లెక్కగట్టండి. కిలోకు 15 మి.గ్రా. చొప్పున పది కిలోల బిడ్డకు 150 మి.గ్రా. మార్కెట్లో డ్రాప్స్ మి.లీ.కు 100 మి.గ్రా. ఉంటాయి, కాబట్టి 1.5 మి.లీ. సిరప్ 5 మి.లీ.కు 125 మి.గ్రా. ఉంటే 6 మి.లీ. మీరు సిరప్ అనుకుని ‘6 మి.లీ.’ అని మాత్రం రాసి, దుకాణంలో డ్రాప్స్ ఇస్తే బిడ్డకు నాలుగింతల మందు వెళ్తుంది. అందుకే మి.లీ.తోపాటు మి.గ్రా., సీసా బలం కూడా రాయాలి.

మందు గురించి పేషెంటుకు చెప్పడానికి కూడా మార్కులా?

అవును, ఉండాల్సిందే. టీబీ మందులు మొదలుపెట్టినవాళ్లకు రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పకపోతే, రక్తం పడుతోందని భయపడి మానేస్తారు. మానేసిన మందు నుంచే మొండి టీబీ పుడుతుంది. ‘మూత్రం రంగు మారుతుంది పెద్దమ్మా, భయం లేదు. కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా, అన్నం సయించకపోయినా మాత్రం వెంటనే రండి’ అని తెలుగులో మూడు ముక్కల్లో చెప్పడం సాధన చేయండి. ఆమె తిరిగి మీకు చెప్పగలిగితేనే చెప్పినట్టు.

## ఆ తర్వాత

పీజీ కోచింగ్ ఇప్పుడే మొదలుపెట్టాలా?

వద్దు. పీజీ పరీక్షలో చాలా ప్రశ్నలు ఈ మూడు సబ్జెక్టుల్లోంచే వస్తాయి కాబట్టి ఇప్పుడు సరిగా చదవడమే కోచింగ్. వీడియోలతో పొద్దుటి వార్డును వదులుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. వీడియో రాత్రి కూడా ఉంటుంది. గరగరమనే ఆ మర్మర్ ఉన్న పేషెంటు రేపు డిశ్చార్జి అయిపోతారు.

మా తమ్ముడు విదేశంలో ఎంబీబీఎస్ చేయాలనుకుంటున్నాడు. అక్కడా ఇదే చదువా?

పాఠ్యాంశాలు దాదాపు ఇవే. తిరిగొచ్చి ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే 2021 నవంబరు 18 నాటి నిబంధనలు చూసుకోవాలి. కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లిష్‌లో, ఒకే సంస్థలో ఉండాలి. అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ దేశంలో ప్రాక్టీసుకు అర్హత ఇచ్చే డిగ్రీ అయ్యుండాలి. నీట్ అర్హత ముందే కావాలి. తిరిగొచ్చాక 300 ప్రశ్నల స్క్రీనింగ్ పరీక్షలో 150 రావాలి, ఇక్కడ ఇంకో ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏజెంటు చెప్పే ఫీజుకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: అక్కడి వార్డులో పేషెంట్లు ఏ భాష మాట్లాడతారు, ఆ భాష ఎన్ని నెలలు నేర్పిస్తారు? రోగి మాట అర్థంకాని వార్డులో ఎన్నేళ్లు నిలబడినా హిస్టరీ తీయడం రాదు.